దిద్దని ఫోటోలు

అమెరికాలో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చానని తెలిసి, చూడవచ్చిన వాళ్ళందరూ ఒకటే అడిగారు. "పిట్స్‌బర్గ్ అంటే వెంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరే కదండీ! దర్శనం బాగా అయిందా?" అని. అయింది. 1976లో కట్టిన గుడి అది. పెన్ హిల్స్ అనే చోట, కొండవాలున, చెట్ల మధ్య తెల్లగా కనబడుతుంది. ప్రసాదం పులిహోర కూడా బాగానే ఉంటుంది. అడిగినవాళ్ళకు అదంతా చెప్పాను. అడగని సంగతి ఒకటి మిగిలిపోయింది. అది ఇక్కడ చెబుతాను.

మా మనవరాలికి పదమూడేళ్ళు. బడిలో బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే పుస్తకాల సంచి ఒక మూల గిరవాటేసి, సైకిలు తీసుకుని ఎండలో పడుతుంది. ఒకనాడు నేను గుమ్మంలో నిలబడి, మా అమ్మ నాతో అన్న మాట, మా అమ్మాయితో నేను అన్న మాట, దానితోనూ అన్నాను.

"ఎండన పడి తిరగకే తల్లీ, నల్లబడిపోతావు!"

అది సైకిలు ఆపింది. "నల్లబడితే ఏమవుతుంది అమ్మమ్మా?" అంది.

వెక్కిరింపుగా కాదు సుమండీ, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. దాని పక్కన స్నేహితురాళ్ళు ఇద్దరు నిలబడి ఉన్నారు. వారిలో ఒకమ్మాయి నల్లజాతి పిల్ల. నా వంక చూసి నవ్వుతోంది. ఆ పిల్లకు తెలుగు రాదు గనక బతికిపోయాను. "ఏమీ కాదులే, వెళ్ళి ఆడుకో" అని లోపలికి వచ్చేశాను గాని, ఆ ప్రశ్న నాతోపాటే లోపలికి వచ్చింది.

ఏమవుతుందో నాకు బాగా తెలుసు.

1971లో నాకు పంతొమ్మిదేళ్ళు. సంబంధాలు చూస్తున్నారు. పెళ్ళికొడుకు వారికి పంపడానికి ఫోటో కావాలని నాన్నగారు నన్ను మా ఊళ్ళో ఒక స్టూడియోకు తీసుకువెళ్ళారు. మొహాన పౌడరు మెత్తి, రెండు వైపులా పెద్ద దీపాలు పెట్టి, గడ్డం కొంచెం పైకెత్తమని ఫోటో తీశారు. వారం పోయాక వెళితే స్టూడియో ఆయన ఏటవాలు బల్ల ముందు కూర్చుని, కిటికీ వెలుగుకు నా నెగెటివు ఆనించి, సూదిమొనలా చెక్కిన పెన్సిలుతో దాని మీద ఏదో గీస్తున్నాడు. నెగెటివులో నా జుట్టు తెల్లగా ఉంది, పళ్ళు నల్లగా ఉన్నాయి. దయ్యంలా ఉన్నాను.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను, ఉండబట్టలేక.

"ఇక్కడ నలుపు పెడితే కాగితం మీద తెలుపు వస్తుందమ్మా" అన్నాడాయన, తల ఎత్తకుండానే. "బుగ్గలయ్యాయి, నుదురయింది. మెడ ఒక్కటి మిగిలింది."

మంచి పనివాడే. ఫోటో చూసి మా అమ్మ కళ్ళకద్దుకుంది. పెళ్ళిచూపులనాడు మాత్రం పెళ్ళికొడుకు తల్లి ఆ ఫోటో చేత్తో పట్టుకునే వచ్చింది. ఫోటో చూసింది, నన్ను చూసింది, మళ్ళీ ఫోటో చూసింది. "పొరపాటున పెద్దమ్మాయి ఫోటో పంపారేమో వదినగారూ!" అంది. మా నాన్నగారు తల వంచుకున్నారు. ఆ వంచిన తల ఈనాటికీ నా కళ్ళకు కట్టినట్టుంది. చివరకు పెళ్ళికొడుకే, "ఫోటోలకు దీపాలు పెడతారు కదమ్మా" అని ఆ మాట దాటించారు. ఆయననే చేసుకున్నాను. అదే కథ మా ఇంట్లో నలభై ఏళ్ళు హాస్యంగా నడిచింది. అందరితోపాటు నేనూ నవ్వాను. ఫోటో మాత్రం పెట్టె అడుగునుంచి పైకి తియ్యలేదు.

సరే, అసలు సంగతికి వస్తాను. మనవరాలికి ట్రంపెట్ నేర్పే మాస్టారు, కార్నెగీ మ్యూజియంలో జాజ్ కచేరీ ఉంది, వెళ్ళి విని రమ్మని చెప్పారట. ఆ రోజు అమ్మాయికీ అల్లుడికీ తీరిక లేదు. తోడు వెళ్ళే పని నా మీద పడింది. గుడిలో పరిచయమైన ఒకావిడకు ఈ మాట చెబితే, "మ్యూజియం మంచి చోటేనండీ. హిల్ పేట వైపు మాత్రం వెళ్ళకండి. అంతా నల్లవాళ్ళు" అని గొంతు తగ్గించి చెప్పింది. నేనూ గొంతు తగ్గించే, "అలాగేనండీ" అన్నాను. ఇద్దరం చామనఛాయకు నాలుగాకులు ఎక్కువే చదివిన వాళ్ళం!

ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ 1895లో పెట్టిన సంస్థ అది. ఒకవైపు రాక్షసిబల్లుల ఎముకలు, ఒకవైపు చిత్రాలు. అల్లుడు మమ్మల్ని గుమ్మం దగ్గర దింపి వెళ్ళిపోయాడు. లోపల వేదిక మీద పియానో, మనిషి ఎత్తున నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం, డ్రమ్ములు, సాక్సఫోను, ట్రంపెట్; వాటి వెనక సినిమా తెరలాంటి తెర. కచేరీ సాగినంతసేపూ ఆ తెర మీద పాత ఫోటోలు వేస్తారట. వచ్చినవారిలో సగానికి పైగా నల్లవారు. పెద్దవాళ్ళు గుడికి వెళ్ళేటట్టు ముస్తాబై వచ్చారు. నా పక్క కుర్చీలో ఊదారంగు టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ కూర్చుంది. నాకంటే పదేళ్ళయినా పెద్దది. నేను చేతిసంచి ఒళ్ళోకి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో అప్పుడు నాకే తెలియలేదు. ఆవిడకు తెలిసిందో ఏమో, ఏమీ అనలేదు.

ఆ ఫోటోలు తీసినాయన పేరు చార్లెస్ హారిస్. అందరూ టీనీ హారిస్ అనేవారట. 1908లో ఆ ఊళ్ళో పుట్టి, 1998లో ఆ ఊళ్ళోనే పోయారు. "పిట్స్‌బర్గ్ కొరియర్" అని నల్లవారు తమకోసం నడుపుకున్న వారపత్రిక ఒకటుండేది. దేశమంతటా చదివేవారు. దానికి సుమారు 1936 నుంచి 1975 దాకా ఫోటోలు తీశారు. ఆయనకు "ఒన్ షాట్" అని ఆ ఊరి మేయరు డేవిడ్ లారెన్స్ పేరు పెట్టారు. తక్కిన ఫోటోగ్రాఫర్లు ఇటు తిరగండి, అటు తిరగండి, మళ్ళీ ఒకసారి అని సతాయిస్తుంటే, ఈయన ఒక్కటంటే ఒక్కటి తీసి వెళ్ళిపోయేవారట. ఆ కాలపు ఫ్లాషు బల్బు ఒకసారి వెలిగితే సరి, మళ్ళీ పనికిరాదు. అట్లా తీసిన నెగెటివులు దాదాపు 80,000 పోగుపడ్డాయి. వాటి హక్కుల కోసం ఆయన చివరి దశలో కోర్టుకు కూడా ఎక్కవలసి వచ్చింది. ఆయన పోయిన తరవాత అవి కుటుంబం చేతికి తిరిగివస్తే, 2001లో ఈ మ్యూజియం వారు కొని భద్రపరిచారు.

కచేరీ మొదలయింది. మొదటి పాట బిల్లీ స్ట్రేహార్న్ కట్టినది. ఆయన ఆ ఊళ్ళోనే పెరిగి, కుర్రతనంలో మందుల షాపులో పని చేసిన మనిషి. 1938లో ప్రఖ్యాత వాద్యకారుడు డ్యూక్ ఎల్లింగ్టన్ ఆ ఊరు వచ్చినప్పుడు వెళ్ళి కలిసి, పియానో వాయించి వినిపించాడట. 1967లో పోయేదాకా ఎల్లింగ్టన్ బృందానికి పాటలు కట్టాడు. ఆ బృందానికి గుర్తుగా నిలిచిన "టేక్ ది ఏ ట్రెయిన్" ఈయనదే. స్వరాలు కాగితం మీద చదవడం రాకుండానే మహావిద్వాంసుడయిన ఎరల్ గార్నర్, డ్రమ్ముల ఆర్ట్ బ్లేకీ, పియానో అహ్మద్ జమాల్ కూడా అక్కడ పుట్టినవారే. ఉక్కు పొగలో ఇంత సంగీతం ఎలా మొలిచిందో!

జాజ్ నాకు కొత్త. మొదట గందరగోళంగా ఉంది. పోనుపోను ఒక దారి దొరికింది. ముందు అందరూ కలిసి పాట ఎత్తుకుంటారు. తరవాత ఒక్కొక్కరూ వంతులవారీగా ఆ పాట చుట్టూ తమకు తోచిన స్వరాలు అల్లుతారు. చివరకు అందరూ మళ్ళీ పాటలోకి వచ్చి వాలుతారు. మన కచేరీలో స్వరకల్పన ముగించి పల్లవి అందుకున్నట్టే. డ్రమ్ముల వాడి వంతు వస్తే అది తని ఆవర్తనమే అనుకోండి. నేను ఉత్సాహం పట్టలేక తాళం వేశాను. మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "మొదటి దెబ్బ మీద కాదు అమ్మమ్మా, రెండో దాని మీద, నాలుగో దాని మీద" అని చెవిలో చెప్పింది. ఇన్నేళ్ళూ సమం మీద పడిన చెయ్యి. అంత తొందరగా మాట వింటుందా?

"మధ్యలో ఒక స్వరం తప్పు ఊదితే ఏం చేస్తారే?" అని అడిగాను.

"ఊదింది వెనక్కి రాదు కదా. దాన్ని పట్టుకునే ముందుకు పోవాలట. మా మాస్టారు చెప్పారు" అంది.

ఇంతలో తెర మీద ఫోటోలు వస్తున్నాయి, పోతున్నాయి. అధ్యక్షుడు కెనడీని, మార్టిన్ లూథర్ కింగ్‌ని, ఆటగాళ్ళను, పాటగత్తెలను, ఎందరినో తీశారట హారిస్. కాని ఆ రాత్రి తెర మీద నిలిచినవాళ్ళు వాళ్ళు కారు. మంగలి కుర్చీలో మెడకు గుడ్డ కట్టుకుని కూర్చున్న మనిషి. బళ్ళ ముందు నీళ్ళగొట్టం విప్పుకుని తడుస్తున్న పిల్లలు. కొత్త కారుకు ఆనుకుని నిలబడి, కారు తనదేనని లోకానికి చాటుతున్న ఒకాయన. చర్చిలో పాడుతూ నోళ్ళు తెరిచిన ఆడవాళ్ళు. ఫలహారశాల బల్ల వెనక చేతులు తుడుచుకుంటూ తలెత్తిన పిల్ల. మేజోళ్ళు జారిపోయిన పెళ్ళికూతురి చెల్లెలు. ఏ ఘనకార్యమూ లేదు. మంగళవారంనాడు మంగళవారంలా బతుకుతున్న మనుషులు.

మన కచేరీల్లో శభాష్ అంటారు చూడండి, అక్కడ జనం ఫోటోలకు కూడా అంటున్నారు. ఒక వీధి మూల కనబడగానే హాలులో నాలుగు వైపులనుంచి ఏదో పేరు వినిపించింది. నా పక్కావిడ నా మోచేయి తట్టింది.

"అదే మా వీధి. ఆ మందుల షాపు పక్క సందులో మా ఇల్లు."

"ఇప్పుడక్కడ ఎవరున్నారండీ?" అన్నాను.

"ఎవరూ లేరు. ఆ వీధే లేదు" అంది.

ఆవిడ చెప్పిన సంగతి తరవాత మ్యూజియంలో గోడ మీద కూడా చదివాను. నన్ను వెళ్ళవద్దన్న హిల్ పేట ఉందే, అదే ఇది. ఒకప్పుడు దేశంలోని జాజ్ విద్వాంసులందరూ ఆగి వాయించి వెళ్ళిన పేట. నగరాన్ని బాగుచేస్తామని చెప్పి 1956లో దాని దిగువ భాగం కూలగొట్టడం మొదలుపెట్టారు. దాదాపు 8,000 మంది ఇళ్ళు ఖాళీ చేయవలసి వచ్చింది. ఆ స్థలంలో 1961లో పెద్ద క్రీడాశాల ఒకటి తెరిచారు. 2012 నాటికి దాన్ని కూడా పడగొట్టేశారు. కొంపలూ లేవు, కొంపలు తీసి కట్టిందీ లేదు. మందుల షాపు ఇప్పుడు ఒక్క నెగెటివులోనే ఉంది.

విరామంలో కాఫీ తెచ్చుకుని కూర్చున్నాం. నా ఇంగ్లీషు బడిపంతులమ్మ ఇంగ్లీషు. ఆవిడ యాస నాకు సగమే అందుతుంది. అయినా ముసలివాళ్ళ మాటలకు భాష ఎంత కావాలి చెప్పండి. హారిస్ ఫోటోల మీద చాలావాటికి పేర్లు రాసి లేవట. మ్యూజియం వారు పెద్దవాళ్ళను పిలిచి, ఫోటోలు ముందు పెట్టి, ఈమె ఎవరు, ఆ కుర్రవాడెవరు అని అడిగి రాసుకుంటూ వచ్చారట. ఈవిడా వెళ్ళి పదకొండు మందిని గుర్తుపట్టి చెప్పిందట. పన్నెండోది తనే.

"ఎనిమిదేళ్ళ పిల్లను. ఈస్టర్ పండక్కి కొత్త గౌను. ఆయన వచ్చాడు, ఒకసారి మెరుపు మెరిసింది, వెళ్ళిపోయాడు. ఊళ్ళో పెద్ద పత్రికల్లో మా బొమ్మ పడాలంటే ఎవరో ఎవరినో పొడవాలి. ఆయన ఊరికే గౌను వేసుకున్నందుకు తీశాడు" అని నవ్వింది. ఒక్క క్షణం ఆగి, "అందులో నేను ఎంత నలుపో అంతే ఉన్నాను" అంది.

నాకు గుండె ఝల్లుమంది. అంతవరకూ ఎవరికీ, నా కన్నకూతురికి సైతం, హాస్యంగా తప్ప చెప్పని సంగతి ఆవిడకు చెప్పాను. పెన్సిలు సంగతి, పెద్దమ్మాయి ఫోటో సంగతి, మా నాన్నగారి తల సంగతి.

ఆవిడ నన్నేమీ ఓదార్చలేదు. "మా మేనత్త రాత్రిళ్ళు మొహానికి తెల్లబరిచే లేపనం రాసుకుని పడుకునేది" అంది. "ఆ లేపనాల ప్రకటనలు ఎక్కడ పడేవనుకున్నావు? మా నల్లవాళ్ళ పత్రికల్లోనే. ఈ పేజీలో టీనీ ఫోటో, ఆ పేజీలో లేపనం. ఏ పేజీ నమ్మాలో తేల్చుకోవడానికి నాకు సగం జీవితం పట్టింది."

నాకు ముప్పాతిక పైగా పట్టింది అనుకున్నాను. పైకి అనలేదు.

విరామం తరవాత దీపాలు ఆరిపోయాయి. తెర వెలుగులో నాకు ఇరుపక్కలా ఉన్న మొహాలు చూశాను. ఇటు ఆవిడ, అటు మా మనవరాలు. తెర మీద మొహాలు కూడా చూశాను. నలుపులో ఎన్ని రకాలు! కాఫీగింజ నలుపు, నేరేడు నలుపు, చింతగింజ నిగనిగ, పొయ్యి మీద చట్టి అడుగు నలుపు. ఒక్కొక్క మొహం మీద ఫ్లాషు వెలుగు నుదుట, చెంప మీద, ముక్కుకొనన నీటిచుక్కలా నిలిచి ఉంది. ఆ స్టూడియో ఆయన నా మొహాన చెరిపేసింది దాన్నే కాబోలు అనిపించింది. బుగ్గలయ్యాయి, నుదురయింది, మెడ మిగిలింది అని లెక్కపెడుతూ మరీ చెరిపాడు. ఆయననేమంటాను? మేమే డబ్బిచ్చి చెరిపించుకున్నాం.

అప్పుడు ట్రంపెట్ ఒంటరిగా ఎత్తుకుంది. మనవరాలు ముందుకు వంగి, ఒళ్ళో చేతి మీద వేళ్ళు ఆడిస్తూ వింటోంది. నా చేతిసంచి ఎప్పుడు కిందికి జారిందో, కుర్చీ కింద ఆవిడ సంచి పక్కన ఉంది.

వెళ్ళేటప్పుడు ఆవిడ మనవరాలి భుజం తట్టి, "బాగా ఊదు" అంది. నాతో, "ఆ ఫోటో పారేయకు. ఇంకొకటి తీయించుకో" అంది. అంతే. పేర్లు చెప్పుకున్నాం గాని, మళ్ళీ కలవలేదు.

ఆ మర్నాడు సాయంత్రం నేను వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. పాత చీర, జారిన ముడి, పక్కన కిటికీ ఎండ. మనవరాలిని పిలిచి ఫోటో తియ్యమన్నాను. అది వింతగా చూసింది. ఫోటో అంటే నేను పట్టుచీర కోసం లేచే మనిషిని. ఫోను తీసి టక్కుమని తీసి చూపించింది.

చూద్దును గదా, అందులో నేను తెల్లగా ఉన్నాను! బుగ్గలు నున్నగా, నుదుట ముడతలు లేకుండా. యాభై ఏళ్ళనాటి ఆ పెళ్ళిచూపుల పిల్లే ముసలిదై కూర్చున్నట్టుంది.

"ఇదేమిటే?" అన్నాను.

"ఫోను దానంతట అదే అందంగా చేస్తుంది అమ్మమ్మా. ఎవరినైనా అంతే."

అమ్మ పెన్సిలూ, ఇక్కడికి వచ్చి కూర్చున్నావా అనుకున్నాను. అప్పట్లో కనీసం డబ్బిచ్చి అడిగితే గాని దిద్దేవారు కాదు. ఇప్పుడు అడగకుండానే దిద్దేస్తున్నారు.

"అది తీసేసి మళ్ళీ తియ్యి. ఒక్కటే తియ్యి" అన్నాను.

అది ఏదో నొక్కి, మళ్ళీ తీసింది. ఈసారి నేను ఉన్నట్టే వచ్చాను. చెంప మీద కిటికీ ఎండ చుక్కలా మెరుస్తోంది. ఆ ఫోటోను తెనాలిలో ఉన్న మా అక్కయ్యకు పంపించమన్నాను. పది నిమిషాల్లో అక్కయ్య ఫోను చేసింది.

"అదేమిటే, చలిదేశం వెళ్ళినవాళ్ళు తెల్లబడతారంటారు. నువ్వేమిటి అలా నల్లబడ్డావు?"

"నల్లబడలేదక్కయ్యా" అన్నాను. "నా రంగే అంత."

గుమ్మం బయట సైకిలు చప్పుడయింది. మనవరాలు ఎండలోకి వెళుతోంది. అలవాటున నోరు తెరవబోయి, చిక్కుడుకాయల పని చూసుకున్నాను.